పసిరికలని చెప్పినందుకు

ఫోన్ మోగినప్పుడు సంగీత మహబూబాబాద్ స్టేషన్ రోడ్డు మధ్యలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె ఊపు మీదుంది. బస్సులు డిపో గేటు దాటడం లేదు. బడులు మూతపడ్డాయి. ఆ రోజు వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద గంజుల్లో పప్పూ అన్నమూ వండి, వచ్చినవాళ్లందరికీ అక్కడే వడ్డిస్తున్నారు. నర్సింగ్ చదివే ఆడపిల్లలకు కూరగాయల పని అప్పజెప్పారు. మైకులో పాట, పొయ్యిల పొగ, జనం గోల. ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంటే తప్ప ఏమీ వినపడటం లేదు.

"సంగీతా, మళ్ల వచ్చింది," అన్నాడు అరవింద్.

ఏమిటి వచ్చిందని ఆమె అడగలేదు. వాళ్లిద్దరి మధ్య ఆ మాటకు అర్థం ఒకటే. కత్తిపీట పక్కకు నెట్టి లేచింది. మూసిన దుకాణం మెట్ల మీదకు వెళ్లింది.

"ఎక్కడ?"

"చంకల. కుడిదిక్కు. ఉసిరికాయంత ఉన్నది."

హైదరాబాద్ పెద్ద దవాఖానలో వాళ్లిద్దరూ ఒకే వార్డులో ఉన్నారు. సంగీతది రక్త క్యాన్సర్, అరవింద్‌కు మెడ దగ్గర గడ్డలు. అప్పటికి ఇద్దరికీ మీసాలూ జడలూ సరిగ్గా రాని వయసు, ఉన్నవి కూడా మందులకు ఊడిపోయాయి. ఆ వార్డు పిల్లలు తమలో తాము ఒక ఒట్టు పెట్టుకున్నారు. ఎప్పుడైనా భయం పుడితే ఇంట్లో చెప్పకముందే తమలో ఒకరికి ఫోన్ చేయాలి. అమ్మానాన్నల ముఖాలు చూస్తూ భయపడటం కంటే అది నయమని వాళ్లకు అనుభవం మీద తెలిసింది. అరవింద్ ఒట్టు నిలబెట్టుకున్నాడు. కానీ అతను తర్వాత చెప్పిన మాటలు సంగీత ఊహించనివి.

అతను హైదరాబాద్ పోవడం లేదట. రేగొండ అవతల సోమనర్సయ్య అనే ఆకుమందు వైద్యుడు ఉన్నాడట. గడ్డ మీద మందు పెడితే అది కాలి రాలిపోతుందట. ఎండ దిగాక పెడతాడట. అప్పటికే దోస్తు బండి మీద బయలుదేరి పరకాల దాకా వచ్చేశాడు.

"హైదరాబాద్ పో అరవింద్."

"పోను. మళ్ల ఆ బెడ్డు మీద పండుడు నాతోని కాదు. మా బాపు మళ్ల ఊరందరికి అబద్ధం చెప్పుకుంట తిరుగుడు కూడ నేను చూడలేను. ఇంట్ల చెప్తే నీ మీద ఒట్టు."

ఫోన్ పెట్టేశాడు. ఆమె మళ్లీ చేసింది. స్విచాఫ్.

సోమనర్సయ్య ఎవరో సంగీతకు తెలియదు. అలాంటి మందు సంగతి మాత్రం తెలుసు. వార్డులో ఉన్నప్పుడు పక్క వార్డుకు ఒక పెద్దమనిషిని స్ట్రెచర్ మీద తెచ్చారు. గడ్డ ఉన్నచోట గడ్డ లేదు, అరచెయ్యి పట్టేంత పుండు ఉంది. రోగం ఎంత, మందు చేసిన గాయం ఎంత అని తేల్చుకోవడానికే డాక్టర్లకు చాలా కాలం పట్టింది. ఆయన ఆ కాలం ఆగలేకపోయాడు.

పొద్దు నడినెత్తిన ఉంది. సాయంత్రంలోగా రేగొండ చేరాలి.

ఆమె అన్న సక్రు పప్పు గంజు దగ్గర పెద్ద గరిటె తిప్పుతున్నాడు. చెమటకు అంగీ ఒంటికి అతుక్కుపోయింది. సంగీత తండా మాటలో నాలుగు ముక్కల్లో సంగతి చెప్పింది. పప్పు దించాక పోదామన్నాడు సక్రు. ఆమె అప్పటికే బండి వైపు నడుస్తోంది. సక్రు గరిటె పక్కవాడి చేతిలో పెట్టి, బండి తాళం కోసం జేబులు తడుముకున్నాడు.

గూడూరు దాకా బండి బాగానే పోయింది. వెనక కూర్చున్న సంగీత ప్రతి అయిదు నిమిషాలకూ ఫోన్ చేస్తూనే ఉంది. అరవింద్ అన్న మాటే బుర్రలో తిరుగుతోంది: ఊరందరికి అబద్ధం.

జనగామలో అరవింద్ వాళ్లది కిరాణా హోల్‌సేల్ దుకాణం. కొడుక్కు జబ్బు అని తెలిసిన రోజున ప్రకాశం సేటు బజారుకు ఒకే మాట చెప్పాడు: పిల్లగానికి పసిరికలు. పసిరికలంటే పచ్చకామెర్లే కదా అని ఎవరూ భయపడరు. ఇంటికి రావడం మానుకోరు. రేపు సంబంధం చెప్పేవాడు వెనక్కి తగ్గడు. ఏడాది పాటు అరవింద్ కనపడకపోతే పసిరికలు ముదిరాయన్నాడు. జుట్టు లేకుండా వస్తే వేడి చేసిందన్నాడు. ఊరు నమ్మింది. అరవింద్ బతికి వచ్చాడు. కానీ ఏం దాటి వచ్చాడో చెప్పుకోవడానికి ఆ ఊళ్లో ఒక్క మనిషి లేడు.

సంగీతది దీనికి తలకిందుల కథ. డోర్నకల్ దగ్గరి వాళ్ల తండాలో ఆమె జబ్బు అందరికీ తెలుసు. తిరిగి వచ్చాక ఆమె తాగే గ్లాసు వేరే పెట్టారు. పెళ్లి పందిట్లో పక్కన కూర్చున్న ఆడవాళ్లు పిల్లలను ఒళ్లోకి లాక్కున్నారు. అంటుకునే రోగం కాదని వాళ్ల నాయిన జాల్యా గడప గడపకూ పోయి చెప్పి, చివరికి అందరూ చూస్తుండగా ఆమె ఎంగిలి గ్లాసుతో నీళ్లు తాగి చూపించాడు. మెల్లగా సర్దుకుంది. అయినా ఏ కష్టం వచ్చినా సంగీత, నీ జబ్బు నాకు ఇచ్చెయ్యరాదూ అని అరవింద్‌తో అంటుండేది, నాది నీకిస్తాను, పసిరికలు హాయిగా ఉంటాయి అని. అతను నవ్వేవాడు కాదు. నీకు కనీసం కొట్లాడటానికి మనుషులున్నారు అనేవాడు.

గూడూరు దాటాక రోడ్డు మీద తుమ్మకంప. కుర్రాళ్లు జై తెలంగాణ అనిపించుకుని కంప ఒక పక్క జరిపారు. నర్సంపేట పొలిమేరలో మాత్రం పని అంత తేలిగ్గా కాలేదు. అక్కడా వంటావార్పే. దారి మొత్తం విస్తర్లు. తినకుండా పోయేవాళ్లు సమ్మెకు వ్యతిరేకులన్నట్టు చూస్తున్నాడు ఒక పెద్దాయన.

తిన్నాం పెదనాయినా, మాది కూడా వంటావార్పే అని సక్రు ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఏ ఊరి అన్నం ఆ ఊరిదేనట. సంగీత నిలబడే ముద్ద మింగింది. వేడికి నోరు కాలింది. కళ్లలో నీళ్లు చూసి పెద్దాయన జాలిపడి, కారం ఎక్కువైందా బిడ్డా అంటూ ఇంకో గరిటె పెరుగు పోశాడు. అది కూడా తాగేదాకా బండి కదలలేదు.

నల్లబెల్లి దాటాక బండి దగ్గి ఆగిపోయింది. పెట్రోలు.

బంకులన్నీ బంద్. ఇద్దరూ నెట్టుకుంటూ ఒక ఊళ్లోకి వచ్చారు. కిరాణా దుకాణం షట్టర్ దించి ఉంది, కానీ పక్క గోడకు ఖాళీ నీళ్ల సీసాలు వేలాడుతున్నాయి. ఏ పల్లెలోనైనా దానర్థం ఒకటే: అక్కడ విడి పెట్రోలు అమ్ముతారు. సంగీత ఇల్లు చుట్టి వెనక తలుపు కొట్టింది. ఒకావిడ తలుపు ఓరగా తీసింది.

"లేదు, లేదు. బంద్ ల అమ్మితే పొల్లగాండ్లు దుకాణం పీకుతరు."

"అక్కా, మా దోస్తును పట్టుకోవాలె. పాణం మీది పని."

ఆవిడ ఆమెను కింది నుంచి మీదికి చూసింది. "లేచిపోయినోడా?"

"గట్లనే అనుకో," అంది సంగీత.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. లోపలికి పోయి, చీర కొంగు కింద సీసా దాచుకుని వచ్చింది. దొరికితే చెవులు మెలేసి తీసుకుపొమ్మని చెప్పి మరీ ఇచ్చింది.

రేగొండ దాటి మట్టిరోడ్డు ఎక్కేసరికి పొద్దు తాటిచెట్ల తలలకు దిగింది. ఎండ దిగాక. ఆ మాటే చెవిలో మోగుతోంది. ఒక మలుపులో జనగామ బండి నంబరు చూసి సక్రు బ్రేకు వేశాడు. బండి మీద తలకు తువ్వాలు చుట్టుకున్న కుర్రాడు కూర్చుని పల్లీలు తింటున్నాడు. చందు. అరవింద్ ఫోన్‌లో ఫొటో చూపించి ఉన్నాడు కాబట్టి సంగీత పోల్చుకుంది.

"అరవింద్ ఏడి?"

"లోపట. మందు పెట్టిచ్చుకుంటున్నడు," అన్నాడు చందు. "నువ్వెవలు చెల్లె?"

ఆమె అప్పటికే పరిగెత్తుతోంది.

రేకుల కొట్టం. బెంచీ మీద నలుగురు రోగులు. నడుమ నులక మంచం, దాని మీద అంగీ విప్పుకుని, కుడిచెయ్యి తల వెనక్కి పెట్టుకుని అరవింద్. పక్కన నెరిసిన గడ్డంతో ఒకాయన రాతి మీద నూరిన నల్లటి ముద్దను ఆకులోకి తీస్తున్నాడు.

"ఆగు తాతా," అంది సంగీత.

సోమనర్సయ్య తలెత్తి చూశాడు. అరవింద్ కూడా చూశాడు. ముందు ఉలిక్కిపడ్డాడు, తర్వాత కోపం వచ్చింది.

"నిన్నెవలు రమ్మన్నరు? నేను చెప్పిన గద."

"నువ్వు ఒట్టు ఇంట్ల చెప్పద్దని పెట్టినవ్. నేను రావద్దని పెట్టలే." ఆమె మంచం పక్కన కూర్చుంది. ఊపిరి అందడం లేదు. "ఒక్కటే అడుగుత. చెప్పినంక మందు పెట్టిచ్చుకో. గడ్డ నొస్తున్నదా?"

"నొయ్యదా మరి? చెయ్యి లేపితే పాణం పోతాంది."

"మెడ కాడ అప్పుడు ఉండె గద. అది నొచ్చిందా?"

అరవింద్ ఎడమచెయ్యి మెడ దగ్గరికి పోయింది. నొప్పి లేకపోవడం వల్లే అప్పుడు నెలల తరబడి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ సంగతి అతనే వార్డులో వందసార్లు చెప్పాడు.

అప్పుడు చూసింది సంగీత, తల వెనక ఉన్న అతని చేతిని. మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ పసుపు పచ్చగా తడిసి, అంచుల్లో ఎండి గట్టిపడింది.

"గిదేంది?"

"ఏం లేదు. పసరు కట్టిచ్చుకున్న."

"ఎందుకు?"

అతను తలుపు వైపు చూశాడు. చందు పల్లీల పొట్లంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అరవింద్ గొంతు తగ్గించాడు. జనగామ దీక్ష శిబిరంలో రిలే నిరాహార దీక్షకు కూర్చున్నాడట. అన్నం లేక, ఎండకు ముఖం పీక్కుపోతే చందు వాళ్ల అవ్వ చూసి, పసిరికలు తిరగబెట్టాయని పట్టుకుంది. ఆవిడ పసిరికలకు మందు కడుతుంది. ఆకు నూరి మణికట్టు మీద కడితే పొక్కు లేస్తుంది, పొక్కు చితికితే రోగం పోయినట్టు లెక్క. వద్దని ఎలా అంటాడు? పసిరికలు కావంటే మరి ఏడాది పాటు నీకేమైంది అని అడగరా? చెయ్యి చాపాడు. పొక్కు లేచింది, చితికింది, చీము పట్టింది. ఆ తర్వాతే చంకలో గడ్డ.

సంగీతకు లెక్క కుదిరింది. ఎవరికీ తెలియకూడదని పసిరికలంటే, పసిరికల మందు వచ్చి గడ్డను తెచ్చిపెట్టింది. అయితే అది నిజమేనని ఆమె ఒట్టు వేసి చెప్పలేకపోయింది. చదివేది రెండో ఏడాది నర్సింగ్. తప్పయితే?

"నాకు పక్కా తెల్వదు," అంది. "తెలిసినోళ్ల కాడికి పోదాం. భూపాలపల్లిల డాక్టరమ్మ ఉన్నది, సమ్మెల కూడ చూస్తాంది. ఆమె కాదంటే నేనే తెచ్చి ఈ మంచం మీద కూసోవెడ్త."

సోమనర్సయ్య ఆకును అలాగే పట్టుకుని ఉన్నాడు. మందు ఆరిపోతుంది, పెట్టమంటారా వద్దా అన్నాడు. వెనక ఇంకా నలుగురు ఉన్నారన్నాడు.

అరవింద్ ఆ నల్లటి ముద్దను చూశాడు. తర్వాత అంగీ అందుకున్నాడు.

భూపాలపల్లిలో గనులు కూడా సమ్మెలో ఉన్నాయి. బొగ్గు లారీలు వరసగా నిద్రపోతున్నాయి, కార్మికులు గేటు ముందు టెంటులో కూర్చుని ఉన్నారు. క్లినిక్ కాలనీ చివర. డాక్టరమ్మ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని అరవింద్‌ను బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఇంతకుముందు పెద్ద జబ్బేమన్న చేసిందా?"

"పసిరికలు మేడం," అన్నాడు చందు ఠక్కున. "అప్పుడొకసారి ముదిరినయ్. ఇప్పుడు మళ్ల."

డాక్టరమ్మ కంటి రెప్పలు లాగి చూసింది. పచ్చగా లేవే అని గొణుక్కుంటూ, కాలేయం పరీక్షలు రాయడానికి కలం తీసింది.

సంగీత గోడకు ఆనుకుని నిలబడింది. ఆ ఒక్క మాట తను చెప్పొచ్చు. చెబితే పని జరిగిపోతుంది. కానీ ఆ మాట ఆమెది కాదు. తండాలో ఆమె తరఫున అందరూ ముందే చెప్పేశారు, అది ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అరవింద్‌నే చూస్తూ ఉంది. కలం కాగితం మీద కదులుతోంది. ఫ్యాను కిర్రుమంటోంది. చందు గోడ మీది బొమ్మలు చూస్తున్నాడు.

"పసిరికలు కాదు మేడం," అన్నాడు అరవింద్.

కలం ఆగింది.

"క్యాన్సర్ ఉండె. మెడ కాడ గడ్డలు. హైదరాబాద్‌ల మందులెక్కిచ్చిన్రు. తగ్గి రెండేండ్లు దాటింది." చెయ్యెత్తి చంక చూపించాడు. "మళ్ల వచ్చిందేమో అని భయమైతాంది."

చందు వైపు ఎవరూ చూడలేదు. డాక్టరమ్మ కాగితం చింపేసి లేచింది. ఇప్పుడు ఆమె చేతులు వేరేగా పనిచేశాయి. మెడ రెండు పక్కలా, దవడ కింద, ఎడమ చంకలో, గజ్జల్లో, పొట్ట మీద నెమ్మదిగా నొక్కి చూసింది. జ్వరం అడిగింది, రాత్రి చెమటలు అడిగింది, బరువు తూచింది. చివరికి మణికట్టు గుడ్డ విప్పింది. వాసనకు సక్రు ముఖం తిప్పుకున్నాడు.

"ఎవరయ్యా ఈ ఘనకార్యం చేసింది?"

"మా అవ్వ," అన్నాడు చందు నీరసంగా.

డాక్టరమ్మ పుండు కడుగుతూ చెప్పింది. చేతికి చీము పడితే చంకలో బిళ్ల కడుతుంది, కాలికి ముల్లు దిగితే గజ్జల్లో కట్టినట్టే. ఇది వేడిగా ఉంది, నొస్తోంది, వేలికి కదులుతోంది, మిగతా ఎక్కడా ఏమీ లేదు. ఆమె చూసినంతలో ఇది పాత జబ్బు కాదు. మందులు వాడితే కరిగిపోవాలి. కరిగినా కరగకపోయినా హైదరాబాద్ పోయి చూపించుకోవాలి, ఎందుకంటే అతను భయపడాల్సింది గడ్డకు కాదు, పరీక్ష తప్పించుకోవడానికి.

"ఆ ఆకుమందు పెట్టిచ్చుకొని ఉంటే నేను ఇదంతా చెప్పకపోదును," అంది, సక్రు రేగొండ సంగతి చెప్పాక. "నాకే తెల్వకపోవు."

అరవింద్ బల్ల మీద అలాగే కూర్చుని ఉన్నాడు. మెల్లగా తల వంచి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. వీపు కదులుతోంది. చందు దగ్గరికి వచ్చి, ఏం చేయాలో తెలియక చేతిలోని పల్లీల పొట్లం అతని ఒళ్లో పెట్టాడు.

"నాకు చెప్పకపోతివి గదరా," అన్నాడు. "రోజు ఒక్క బండి మీద తిరుగుతిమి."

"చెప్తె ఏం చేద్దువు?"

చందు ఆలోచించాడు. "ఏమో. ఏం చేద్దునో నాకు తెల్వదు. గని మా అవ్వకు చేతికి దొరకకుండ జేద్దును." కట్టు కట్టిన మణికట్టు వైపు చూస్తూ అన్నాడు, "నీ పసిరికలు తనే తగ్గిచ్చినని ఇప్పటికే ఊరంత చెప్పుకుంటాంది ముసల్ది. ఇప్పుడు దానికి ఎవలు చెప్పాలె?"

ముందు సక్రు నవ్వాడు. తర్వాత అరవింద్ నవ్వాడు, కళ్లు తుడుచుకోకుండానే. డాక్టరమ్మ మందుల చీటీ రాస్తూ బయటికి పోయి నవ్వుకొమ్మంది.

ఆ రాత్రే అరవింద్ ఇంటికి ఫోన్ చేసి అంతా చెప్పాడు. ప్రకాశం సేటు తిట్టలేదు. ఎక్కడున్నావు, తిన్నావా అని మాత్రం అడిగి, తెల్లవారేసరికి వ్యాను వేసుకుని భూపాలపల్లి వచ్చేశాడు.

చంకలో బిళ్ల రోజురోజుకూ చిన్నదై, చివరికి వెతికితే కూడా దొరకలేదు. హైదరాబాద్ పరీక్షలకు ఇద్దరినీ ఒకే రోజు రమ్మన్నారు. రైళ్లు ఆపేశారు. సంగీత తెల్లవారుజామునే సక్రు బండి మీద జఫర్‌గఢ్ మీదుగా జనగామ చేరింది. అక్కడి నుంచి సేటు తన సరుకుల వ్యానులో ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. డ్రైవరు సమ్మెలో ఉన్నాడు కాబట్టి తనే నడిపాడు, చందు వెనక బస్తాల చోటులో కూర్చున్నాడు.

రక్తం తీశారు, స్కాను తీశారు, కూర్చోబెట్టారు. పాత వార్డు డాక్టరు కాగితాలు తిరగేసి, ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు: ఏమీ లేదు, మళ్లీ ఆరు నెలలకు రండి. ప్రకాశం సేటు ఇంకోసారి చెప్పమని అడిగాడు. డాక్టరు ఇంకోసారి చెప్పాడు.

తిరుగు దారిలో జనగామ కనుచూపు మేరలోకి వస్తోందనగా రోడ్డుకు అడ్డంగా చెట్టు మొద్దు పడి ఉంది. కుర్రాళ్ల గుంపు వ్యానును చుట్టుముట్టింది. అందులో ముందున్నవాడు హన్మంత్, జనగామ బజారు కుర్రాడే, సేటుకు తెలిసినవాడే.

"ఏంది సేటు, బంద్ ల బండి తీసినవ్?"

"దవాఖానకు పోయినం హన్మంతూ," అన్నాడు ప్రకాశం. "పిల్లగానికి..."

మాట అక్కడ ఆగింది. ఇన్నేళ్లు నోటికి అలవాటైన మాట రానన్నది, కొత్త మాట ఇంకా నోరు తిరగలేదు.

అరవింద్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నాకు క్యాన్సర్ ఉండెనే అన్నా. అప్పుడు పసిరికలు కాదు. ఇయ్యాల మళ్ల చూపిచ్చుకున్న. ఏం లేదన్నరు."

ఒకడు చేతిలోని జెండా కర్ర కిందికి దించాడు. హన్మంత్ అరవింద్‌ను చూసి, తండ్రిని చూశాడు. "నిజమేనా సేటు?"

"నిజమే," అన్నాడు ప్రకాశం. ఈసారి అందరికీ వినపడేలా అన్నాడు, "నిజమే. మంచిగున్నడు."

హన్మంత్ తల గోక్కున్నాడు. మొద్దు వైపు చూశాడు.

"మంచిగుంటే దిగురాదు మరి. ఈ మొద్దు మావొల్ల జరుగుతలేదు, పొద్దున వేసుడైతే వేసినం."

వెనక నుంచి చందు కిందికి దూకాడు. ప్రకాశం, వాడొద్దు అనబోయి, తలుపు తీసుకుని దిగుతున్న కొడుకును చూస్తూ నోరు మూసుకున్నాడు. అరవింద్ అంగీ చేతులు పైకి మడుచుకుని, మొద్దు సన్నటి కొస వదిలేసి, లావు కొస దగ్గరికి పోయి వంగాడు.

"అందరు ఒక్కసారి పట్టుండ్రి," అన్నాడు.

సంగీత కూడా దిగి అతని పక్కన చెయ్యి వేసింది. మొద్దు కదిలింది.